పదకొండు పిచ్చుకలు

దరఖాస్తు కాగితం మీద ఏడు ప్రశ్నలున్నాయి. మూడింటికి ఒక్క గుక్కలో జవాబులు రాసేసిన కాజాలమ్మ, నాలుగో దాని దగ్గర పెన్ను మూత కొరుకుతూ ఆగిపోయింది.

"చదువు ఎందాకా వచ్చింది?"

అంతే ఉంది. ఎవరి చదువో లేదు.

అది మధ్యాహ్నం భోజనాల వేళ. వదులైన బట్టలు బిగించి, బిగుతైనవి వదులు చేసి ఇచ్చే ఆ చిన్న దుకాణంలో కుట్టుమిషన్లు మూడూ ఊపిరి పీల్చుకుంటున్నాయి. కత్తిరింపు బల్ల మీద ఎవరిదో సగం విప్పిన కోటు చేతులు బార్లా చాపుకుని పడి ఉంది. పన్నెండేళ్ల వయసులో ఆమె ఈ దుకాణానికి చొక్కాలకు కాజాలు కుట్టడానికి వచ్చింది. ఇప్పుడు ఇరవై ఏడు. ఆరేళ్ల కూతురుంది. ఎలాంటి కోటునైనా విప్పి మళ్లీ కూర్చగల చేయి ఉంది. పిలుపు మాత్రం అప్పటిదే, కాజాలమ్మ. అసలు పేరేమిటని అడిగితే మాస్టరు కూడా తల గోక్కుంటాడు.

"ఏంటమ్మా అంత ఆలోచన? వీలునామా గానీ రాస్తున్నావా?" అన్నాడు మాస్టరు, చేయి తుడుచుకుంటూ.

"పిచ్చుకని చెట్ల బడిలో చేర్చడానికండీ. చదువు ఎందాకా అని అడుగుతున్నారు."

"ఉన్నది రాసెయ్. చిరుగు దాచిపెట్టి కుడితే రేపు తొడిగినప్పుడు బయటపడదూ?"

ఉన్నది రాసింది. "ఏడో తరగతి, సగం." అక్కడితో మనసు ఊరుకోలేదు. కింద చిన్న అక్షరాలతో, "మిగతా సగం ఇంటి పరిస్థితుల వల్ల కుదరలేదు" అని కూడా చేర్చింది. వద్దనేదేదో ఇప్పుడే వద్దంటారు, పిల్ల ఆశపడ్డాక అనేకంటే అదే నయం అనుకుంది.

పిచ్చుక అంటే ఆమె కూతురు. పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడిందని తండ్రి పెట్టిన ముద్దుపేరు. ఇంట్లో ఆ పిల్ల నోటికి మూత ఉండదు. కుళాయితో మాట్లాడుతుంది, మెట్లతో మాట్లాడుతుంది, తండ్రి బూట్లతో పోట్లాడుతుంది. బడి గేటు కనబడిందంటే మాత్రం ఎవరో స్విచ్చు కట్టేసినట్టు ఆగిపోతుంది. యాభై మంది ఉన్న తరగతిలో అందరికంటే పొట్టి. ఫొటో తీసేటప్పుడు ముందు వరసలోకి, పరుగుపందెం అప్పుడు పక్కకి, ఎప్పుడు చూసినా ఎవరో ఒకరు జరుపుతూనే ఉన్నారు. ఏడాదిలో క్లాసులో ఒక్క మాట మాట్లాడలేదు. "ఈ పిల్లకి మాటలు వచ్చా?" అని టీచరు అడిగిన రోజు కాజాలమ్మ మిషను మీద కూర్చుని రెండు సూదులు విరగ్గొట్టింది. అప్పటినుంచి పొద్దున్న బూట్లు తొడిగే వేళకి పిచ్చుకకి కడుపునొప్పి. డాక్టరు చూసి, కడుపులో ఏమీ లేదు, నొప్పి మాత్రం నిజమే అన్నాడు.

చెట్ల బడి సంగతి చెప్పింది పోస్టమ్మ. ముప్పై ఏళ్లు వీధి వీధికీ ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. ఊరి చివర పాత నీళ్ల ట్యాంకు పక్కన ఒక తోపు, తోపులో సన్నటి వాగు ఉన్నాయి. పోస్టమ్మ వాళ్లతో సహా పద్నాలుగు ఇళ్లవాళ్లు కలిసి పొద్దున్నించి మధ్యాహ్నం దాకా తమ పిల్లలకు అక్కడే నేర్పించుకుంటున్నారు. గోడల్లేవు, గంట లేదు, టీచరంటూ ఎవరూ లేరు. రోజుకొక ఇంటి వంతు. ఎవరికి వచ్చింది వాళ్లు నేర్పాలి. వంతు తీసుకోని ఇంటి పిల్లకి చోటు లేదు. ఒక కుటుంబం ఊరు మారడంతో ఇప్పుడొక్క చోటు ఖాళీ అయింది. కొత్తగా వచ్చేవాళ్లు రెండు వారాలు వచ్చి చూడాలి. రెండో వారం బుధవారం వాళ్ల వంతు. ఆ మధ్యాహ్నమే అందరూ కూర్చుని సరేననాలి.

చోటు సంగతి విన్నప్పుడు కాజాలమ్మ గుండె ఎగిరింది. వంతు సంగతి విన్నప్పుడు కాళ్లలోకి జారింది.

ఇంట్లో అత్తగారు విషయం వినగానే కూరగాయల కత్తి కింద పెట్టింది.

"బడంటే గోడుండాలి, గంటుండాలి, కనీసం ఒక తాళమైనా ఉండాలి అమ్మాయ్! చెట్ల కింద వదలడానికి ఇదేమన్నా మేకపిల్లా?"

"నేను చదివిన బడికి మూడు తాళాలుండేవమ్మా," అన్నాడు కాజాలమ్మ మొగుడు. లిఫ్టులు బాగుచేసే మనిషి, ఎప్పుడు చూసినా చేతులకి గ్రీజే. "మూడూ తప్పించుకుని పారిపోయేవాణ్ణి."

"అందుకే ఇలా తగలడ్డావు!"

"ఇప్పుడు మనుషుల్ని పదో అంతస్తుకి ఎక్కిస్తున్నా కదమ్మా, ఇంకెంత పైకి రమ్మంటావు?"

అత్తగారికి నవ్వొచ్చింది గానీ బయటపెట్టలేదు. "రెండంటే రెండు వారాలు. పాత బళ్లో సీటు నెలాఖరు దాకానే ఉంచుతామన్నారు. అక్కడ చోటు ఇవ్వలేదో, నేనే చెయ్యి పట్టుకుని తీసుకుపోయి పాత క్లాసులో కూర్చోబెట్టి వస్తా. అప్పుడు కడుపునొప్పనీ కాలునొప్పనీ నాకు చెప్పకండి."

"సరే అత్తయ్యా," అంది కాజాలమ్మ.

మొదటి రోజు కూతురి చెయ్యి పట్టుకుని తోపులో అడుగుపెట్టేసరికి అందరూ లేచి నిలబడ్డారు. కాజాలమ్మ వెనక్కి తిరిగి చూసింది, ఎవరైనా పెద్దవాళ్లు వస్తున్నారేమోనని. ఎవరూ లేరు.

"ఇదేనా!" అంది పోస్టమ్మ, రెండు చేతులూ జోడించి మరీ. "ఇంత చిన్నదా! అమ్మా, ఏం పెట్టి పెంచావు?"

ఒక పొడుగాటి మనిషి అడుగు ముందుకేశాడు. కాలేజీలో పాఠాలు చెప్పే లెక్చరరు గారు. కళ్లజోడు సర్దుకుని, పిచ్చుక ఎత్తుకు వంగి, ఎంతో గౌరవంగా అడిగాడు. "పాపా, ఆమ్లాలూ క్షారాలూ అయిపోయాయా, ఇంకా ఉన్నాయా?"

పిచ్చుక తల్లి వెనక్కి జరిగింది. వడ్రంగి కూతురు, తొమ్మిదేళ్లది, జుట్టు రెండు వైపులా కొమ్ముల్లా కట్టుకున్నది, గొంతు ఆపకుండా తిరిగే రంపంలా ఉంటుందని అందరూ రంపం అని పిలిచే పిల్ల, పిచ్చుక చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "నాకంటే నాలుగు క్లాసులు ఎక్కువా ఇది? మోకాలంత లేదు!" అంది.

"అమ్మా," పిచ్చుక గుసగుసగా అడిగింది, "నేను ఏడు చదివానా?"

అప్పుడు వెలిగింది కాజాలమ్మకి. వాళ్లు అడిగింది పిల్ల చదువు. తను రాసింది తన చదువు. ఆరేళ్ల పిల్ల ఏడో తరగతి సగం లాగించేసి, ఇంటి పరిస్థితుల వల్ల ఆగిపోయిందని వీళ్లంతా వారం రోజులుగా ముక్కున వేలేసుకుంటున్నారు.

చెవులు వేడెక్కిపోయాయి. "అది... ఏడో తరగతి సగం నేనండీ. పిల్ల ఒకటే. అదీ... సరిగా లేదు."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత పోస్టమ్మ దుంగ మీద కూలబడి కళ్లమ్మట నీళ్లొచ్చేలా నవ్వింది. "ముప్పై ఏళ్లలో ఒక్క ఉత్తరం కూడా తప్పు ఇంట్లో వెయ్యలేదు తల్లీ నేను! నువ్వు ఒక్క కాగితంతో ఊరంతా తిప్పావు!" వడ్రంగి నవ్వాడు, ఒక పిల్లాడి తల్లి, నర్సు, ఆమె నవ్వింది, ఎందుకో తెలియకపోయినా పిల్లలు కూడా నవ్వారు.

లెక్చరరు గారు కూడా నవ్వాడు, కానీ తొందరగా ఆపేశాడు. "ఓహో. అయితే బుధవారం వంతు... మీరు..." అని మర్యాదగా అక్కడే వదిలేశాడు. అందరి నవ్వూ ఆమెని నొప్పించలేదు గానీ, ఆ వదిలేసిన సగం వాక్యం మాత్రం సూదిలా దిగింది.

పిచ్చుక ఆ వారమంతా తోపులో మాట్లాడలేదు. అయితే కడుపునొప్పి కూడా రాలేదు. పొద్దున్నే తనే బూట్లు తొడుక్కుని, ఎడమది కుడికి, కుడిది ఎడమకి, గుమ్మంలో నిలబడేది. తోపులో ఒక చివర కూర్చుని వాగులో ఆకులు వదులుతూ అందర్నీ చూసేది. ఎవరూ జరపలేదు. ఇంటికొచ్చాక మాత్రం కుళాయికి అంతా అప్పచెప్పేది: "తెలుసా, అక్కడ ఒక చెట్టుంది, దాని పేరు పెద్దాయన!" అది వింటున్న కాజాలమ్మకి ఆశ పెరిగిన కొద్దీ భయం పెరిగేది. ఇప్పుడిది పోతే? తన మూలంగా పోతే?

గురువారం లెక్చరరు గారి వంతు. పిల్లని దింపి దుకాణానికి పరిగెత్తే ముందు పది నిమిషాలు నిలబడి చూసింది. ఆయన ఒక ఆకుని వెలుగుకి పట్టి, ఈనెలు చూపిస్తూ, జేబురుమాలు మడత విప్పినట్టు ఒక్కో పెద్ద మాటా విప్పుతున్నాడు. పాఠమంటే అదీ అనుకుంది కాజాలమ్మ. పక్కింటి అమ్మాయి దగ్గర ఏడో తరగతి సైన్సు పుస్తకం అరువు తెచ్చుకుంది. తనకి చదవడం కుదరకపోయిన సగంలోనే ఆకు పాఠముంది. మిషను పక్కన పుస్తకం తెరిచి పెట్టుకుని, కాలితో తొక్కుతూ, నోటితో వల్లించింది. కిరణజన్య సంయోగక్రియ. కిరణజన్య సంయోగక్రియ. ఒక్కో కుట్టుకి ఒక్కో అక్షరం.

"ఏంటది, మంత్రమా?" అన్నాడు మాస్టరు.

"పాఠమండీ."

"ప్యాంటుకి మూడో కాలు రాకుండా చూసుకో."

బుధవారం వచ్చేసింది. పద్నాలుగు మంది పిల్లలు దుంగల మీద కూర్చున్నారు, వాళ్ల పక్కన చివరగా పిచ్చుక. వెనకాల పోస్టమ్మ, వడ్రంగి, లెక్చరరు గారు. వంతు ఎవరిదైతే వాళ్లదే మాట, మిగతా పెద్దవాళ్లు చూడటమే. కాజాలమ్మ తెల్లవారకముందే లేచి, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, జుట్టు రెండుసార్లు దువ్వుకుని వచ్చింది. అలవాటు కొద్దీ మెడలో కొలత టేపు కూడా వేసుకొచ్చేసింది. ఆ సంగతి ఆమెకి తెలియనే తెలియదు.

"ఈ రోజు మనం ఆకు గురించి తెలుసుకుందాం," అంది. గొంతు తనదిలా లేదు. "ఆకు తన తిండి తనే వండుకుంటుంది. దాన్ని... కిరణ..."

కుట్టు మీద సాఫీగా సాగిన మాట ఇప్పుడు దారం తెగినట్టు తెగింది.

"కిరణజ... కిరణజన..."

"కిరణజన్య సంయోగక్రియ, ఆంటీ," అంది రంపం. "అంకుల్ పోయిన వారమే చెప్పేశారుగా! బొమ్మ కూడా వేశాం."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. లెక్చరరు గారు మర్యాదగా తన బూట్ల వంక చూసుకున్నాడు. కాజాలమ్మ కూతురి వైపు చూసింది. పిచ్చుక రెండు చేతులతో పొట్ట పట్టుకుని కూర్చుని ఉంది.

ఆ ఒక్క చూపుతో కాజాలమ్మకి లోకం చీకటైంది. ఏదో ఒకటి మాట్లాడాలి.

ఒక పిల్లాడు లేచి, "ఆంటీ, పోనీ ఇది చెప్పండి. పెద్దాయన పొడుగా, నీళ్ల ట్యాంకు పొడుగా?" అన్నాడు.

కందిరీగల తుట్టె కదిలినట్టయింది. పెద్దాయన అంటే తోపు నడుమ ఉన్న, అందరికంటే ఎత్తైన చెట్టు. ఆ గొడవ ఎప్పటినుంచో ఉన్నదే. చెట్టు పార్టీ ఏడుగురు, ట్యాంకు పార్టీ ఏడుగురు. ట్యాంకు దగ్గర నిలబడితే చెట్టు కనపడదు, చెట్టు దగ్గర నిలబడితే ట్యాంకు కనపడదు. అందుకని గొడవ తెగదు.

"చెట్టే! మా నాన్న తాడు విసిరితే సగానికి కూడా అందలా!" అంది రంపం.

"మీ నాన్నకి విసరడం రాదు!"

"ఏయ్!" అన్నాడు వడ్రంగి వెనకనుంచి.

"అంత గొడవెందుకు, కొలిస్తే పోలా?" అనేసింది కాజాలమ్మ.

అన్నాక తెలిసింది తనే అన్నదని. చెయ్యి అప్పటికే మెడలో టేపు మీద ఉంది.

"ఎలా కొలుస్తారు? పైదాకా ఎక్కాలా?" రంపం నడుం మీద చేతులు పెట్టుకుంది.

"దుకాణానికి జనం ఫొటో తెస్తారు. ఇదిగో, ఈమె తొడుక్కున్నట్టాంటి గౌనే కావాలి అంటారు. మరి గౌను పొడవు తెలియాలంటే నేను ఫొటోలోకి ఎక్కుతానా?"

పిల్లలు నవ్వారు. ఈసారి నవ్వు వేరు.

"ముందు ఫొటోలో మనిషి ముఖం ఎంతుందో కొలుస్తాను. గౌను అలాంటి ముఖాలు ఎన్ని ఉందో లెక్కపెడతాను. ముఖం ఎంతుంటుందో నాకు తెలుసు కదా, గౌను తెలిసిపోతుంది. చెట్టుకీ అంతే. చెట్టు పక్కన మనకి కొలత తెలిసినవాళ్లు ఒకరు నిలబడాలి."

"నేను! నేనే అందరికంటే పొడుగు!" రంపం అప్పుడే పరుగు తీసింది.

"పొడుగువాళ్లొద్దు. కొలత ఎంత చిన్నదైతే లెక్క అంత నిక్కచ్చిగా వస్తుంది. ఇక్కడ అందరికంటే చిన్న కొలత ఎవరు?"

పద్నాలుగు తలలూ దుంగ చివరకి తిరిగాయి. పిచ్చుక చేతులు పొట్ట మీదనుంచి జారాయి. మెల్లిగా లేచింది. కాజాలమ్మ కూతుర్ని చెట్టుకి ఆనించి నిలబెట్టి, మడమ దగ్గర టేపు తొక్కిపెట్టి మాడు దాకా లాగింది. నూట తొమ్మిది సెంటీమీటర్లు. రంపం పుల్లతో నేల మీద రాసింది.

"నువ్వు కదలకూడదు. నువ్వు కదిలితే లెక్కంతా పోతుంది," అంది తల్లి, కోటు వేసుకుని చూసుకునే పెద్దమనుషులకి చెప్పినట్టే.

ఇక అక్కడినుంచి కాజాలమ్మకి భయం గుర్తులేదు. పని చేతిలో పడింది. కుడిచెయ్యి బారుగా చాచి, టేపు అంగుళాల వైపు తిప్పి నిలువుగా వేలాడదీసి, ఒక కన్ను మూసి, వెనక్కి నడవడం మొదలుపెట్టింది. పిచ్చుక టేపు మీద రెండు అంగుళాలుంది. ఇంకా వెనక్కి. ఒకటిన్నర. పొదల్లోకి. పిల్లలందరూ కోడి వెనక పిల్లల్లా వెనక్కి వెనక్కి నడుస్తున్నారు. ఒకటింబావు. ఆమె ఎడమ కాలు చెప్పుతో సహా వాగులో దిగింది.

"ఆంటీ, నీళ్లు!"

"తెలుస్తోందిలే!" కాలు తియ్యలేదు. "ఇదిగో! పిచ్చుక సరిగ్గా ఒక్క అంగుళం. ఇప్పుడు టేపు కింది కొస చెట్టు మొదట్లో పెట్టి పైదాకా చదవండి. ఎన్నంగుళాలుంటే అన్ని పిచ్చుకలు!"

రంపం ఆమె చంక కింద దూరి ఒక కన్ను మూసింది. "పదిహేడు! పెద్దాయన పదిహేడు పిచ్చుకలు!"

"నాకు పద్నాలుగే వచ్చింది," అని ఒక చిన్నవాడు ఏడుపు మొహం పెట్టాడు.

"నీ చెయ్యి పొట్టి కదా బుజ్జీ. నువ్వు ముందుకి నడువు. నీ టేపు మీద పిచ్చుక అంగుళం అయ్యేదాకా నడువు." నడిచాడు. పదిహేడు. ఆరుగురు చూశారు, ఎనిమిది మంది చూశారు. చూసిన వాళ్లలో ఇద్దరు ఉత్సాహం పట్టలేక పిచ్చుక పక్కకి పరిగెత్తి నిలబడ్డారు.

"జరగండి!"

ఆ గొంతు తోపులో ఎప్పుడూ వినపడలేదు.

"జరగండి! ఎవరూ అడ్డం రాకండి! కొలత నేను!"

చెట్టుకి వీపు ఆనించి, గడ్డం ఎత్తి, రెండు పిడికిళ్లూ బిగించి, పిచ్చుక అరుస్తోంది. ఆ ఇద్దరూ గబుక్కున జరిగారు. పోస్టమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. కాజాలమ్మ చేతిలో టేపు అలికేసినట్టు కనబడకుండా పోయింది. అందులో ఎన్ని అంగుళాలున్నాయో ఆ నిమిషంలో అడిగితే ఆమె చెప్పలేకపోయేది.

"పద్ధతి చాలా బాగుందండీ," లెక్చరరు గారు దగ్గరకొచ్చాడు. ఆయన గొంతులో వెటకారం లేదు, ఇరవై ఏళ్ల అలవాటు ఉంది. "కానీ ఇది సరైన లెక్కేనని పిల్లలకి ఎలా రుజువు చేస్తారు?"

కాజాలమ్మ కళ్లు తుడుచుకుంది. "దుకాణంలో అయితే తొడిగి చూస్తామండీ."

"చెట్టుకి ఏం తొడుగుతారు?"

ఆమె టేపు మళ్లీ మెడలో వేసుకుని చుట్టూ చూసింది. "ఎత్తు ముందే తెలిసినదేదైనా ఉంటే, దాన్ని ఇలాగే కొలిచి చూద్దాం. సరిపోతే సరిపోయినట్టు."

"ట్యాంకు!" అన్నాడు వడ్రంగి. చూడటమే తప్ప మాట్లాడకూడదన్న నియమం ఆయన మర్చిపోయాడు. "దాని కాలి మీద ఎత్తు రాసుండాలి. పాచి పట్టేసింది గానీ, గీకితే కనబడుద్ది!"

"ముందు గీకకండి," అంది కాజాలమ్మ. "ముందు కొలుద్దాం. తర్వాత గీకండి. లేకపోతే చూసి చెప్పామంటారు."

అందరూ ట్యాంకు దగ్గరకి దండులా కదిలారు. ముందు పిచ్చుక, ఎవరూ చెప్పకుండానే. కాంక్రీటు కాలికి ఆని నిలబడి, "ఊ, కానివ్వండి!" అంది. కాజాలమ్మ చెయ్యి చాచి వెనక్కి, వెనక్కి, కంచె దాకా నడిచింది. పిచ్చుక అంగుళమైంది. కళ్లు పైకి పోనిచ్చింది.

"పదకొండు."

రంపం చూసింది. పదకొండు. ట్యాంకు పార్టీ నాయకుడు చూసి, మళ్లీ చూసి, ముఖం ముడుచుకుని "పదకొండే" అన్నాడు. ఒక్కరికి మాత్రం పదిన్నర వచ్చింది, ఆ పిల్లకి తుమ్ము వచ్చిందని తర్వాత తేలింది. రంపం నేల మీద కూర్చుని నూట తొమ్మిదిని పదకొండుతో హెచ్చవేసింది. ఒకసారి తప్పు వచ్చింది, కాలితో చెరిపేసింది. మళ్లీ వేసింది.

"పదకొండు వందల తొంభై తొమ్మిది సెంటీమీటర్లు! అంటే... అంటే... పన్నెండు మీటర్లకి ఒక్కటంటే ఒక్క సెంటీమీటరు తక్కువ!"

వడ్రంగి జేబులోంచి చాకు తీశాడు. పాచి ఊడి పడుతోంది. కాజాలమ్మ కళ్లు మూసుకుంది. పిల్లకి చోటు, అత్తయ్య మాట, పాత బడి గేటు, అన్నీ ఆ పాచి వెనకే ఉన్నట్టుంది. ఆరు అని ఉంటే? ఇరవై అని ఉంటే?

"ఎత్తు," పోస్టమ్మ చదివింది, ఉత్తరం మీద చిరునామా చదివినట్టు గట్టిగా. చాకు గీకింది. "ఒకటి." ఇంకా గీకింది. "ఒకటి పక్కన రెండు. పన్నెండు మీటర్లు!"

తోపులో పక్షులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. పద్నాలుగు మంది పిల్లలు అరిస్తే అంతే మరి. చెట్టు పార్టీ గంతులేసింది. ట్యాంకు పార్టీ ఓడిపోయినా ఆపుకోలేక గంతులేసింది. రంపం పిచ్చుకని ఎత్తుకుని గిరగిరా తిప్పింది. "దించు! ఇంకా వాగు మీద వంతెన కొలవాలి!" అని పిచ్చుక గాల్లోనుంచే అరిచింది.

లెక్చరరు గారు మోకాళ్ల మీద కూర్చుని, ఇస్త్రీ ప్యాంటుకి మట్టి అంటుతున్నా చూసుకోకుండా, నేల మీద గీతలు గీస్తున్నాడు. "ఇవి సరూప త్రిభుజాలండీ! ఇదిగో కన్ను, ఇది టేపు, ఇది చెట్టు. మీరు చేసింది హైస్కూలు రేఖాగణితం!"

"అవునా? మేం దీన్ని ఫొటో కొలత అంటామండీ."

ఆయన తల ఊపాడు. "నేను ఇరవై ఏళ్లుగా బోర్డు మీద గీస్తున్నా. ఒక్కసారి, ఒక్కడంటే ఒక్కడు ఇలా అరిచిన పాపాన పోలేదు."

"అంకుల్, జరగండి, మీరు కొలతకి అడ్డంగా ఉన్నారు," అంది పిచ్చుక.

మధ్యాహ్నం దాకా వంతెన కొలిచారు, దీపస్తంభం కొలిచారు, గూని చెట్టుని నడుం దగ్గర కొలిచి దానికి చొక్కా కుడితే ఎంత గుడ్డ పడుతుందో లెక్క కట్టారు. కాజాలమ్మ ఒక కాలికి చెప్పు లేకుండానే తిరిగింది. అది వాగులో ఎటో పోయింది.

పిల్లల తల్లిదండ్రులు ఒక్కొక్కరే వచ్చారు. దుంగల మీద కూర్చున్నారు. పోస్టమ్మ లేచి, నియమం ప్రకారం అడగాల్సిందే కాబట్టి, గొంతు సవరించుకుంది. "కొత్త ఇల్లు వంతు చేసింది. ఎవరికైనా అభ్యంతరం ఉంటే..."

"అడగడం కూడానా?" అన్నాడు లెక్చరరు గారు. చెయ్యి అందరికంటే ముందు, అందరికంటే ఎత్తుగా లేపింది ఆయనే. వెనకాలే నర్సు, వడ్రంగి, మిగతావాళ్లు. ఓటు లేకపోయినా పిల్లలందరూ రెండేసి చేతులు ఎత్తారు.

కాజాలమ్మ దుంగ అంచున కూర్చుని ఆ చేతులన్నీ చూసింది. అడగాలనిపించిందే అడిగింది. "వచ్చే వంతు ఎప్పుడండీ?"

"చూశారా, అప్పుడే అడుగుతోంది!" అని పోస్టమ్మ చప్పట్లు కొట్టింది. "పదిహేను రోజులకి."

"అన్ని రోజులా!" అని రంపం మొత్తుకుంది. "రేపు కూడా ఆంటీనే రమ్మనండి!"

"రేపు నా వంతు," అన్నాడు వడ్రంగి, కూతురి వంక చూసి కొంచెం చిన్నబుచ్చుకుని.

అప్పుడు వచ్చింది అత్తగారు. మనవరాల్ని తీసుకెళ్లడానికి ఎండలో నడిచి వచ్చి, చేతిలో సంచితో తోపు మొదట్లో ఆగి, అరుస్తున్న పిల్లల్నీ, ఎగురుతున్న పెద్దల్నీ, ఒంటి చెప్పుతో ఉన్న కోడల్నీ పైనుంచి కిందికి చూసింది.

"ఇంతకీ చోటిచ్చారా లేదా?"

"ఇచ్చారు అత్తయ్యా!"

"ఇవ్వక చస్తారా?" అంది ఆవిడ, ఈ రెండు వారాలూ అదే మాట చెప్తున్నదానిలా. "నీ రెండో చెప్పు ఏదీ?"

కాజాలమ్మ జవాబు చెప్పేలోపే పిచ్చుక వచ్చి నానమ్మ చెయ్యి పట్టుకుని లాగింది. "రా, నువ్వెన్ని పిచ్చుకలో చూద్దాం!"

"నేనెన్నేంటే? పిచ్చిపిల్లా, వదులు, ఇంటి దగ్గర బోలెడు పనుంది!"

"పెద్దాయన పదిహేడు. ట్యాంకు పదకొండు. నువ్వు?"

అత్తగారు చుట్టూ చూసింది. పద్నాలుగు మంది పిల్లలు, అంతమంది పెద్దలు తన వంకే చూస్తున్నారు. సంచి దింపింది. వెళ్లి పెద్దాయనకి వీపు ఆనించి, నడుం నిటారు చేసి, జుట్టు సర్దుకుని నిలబడింది. ఎవరూ చూడట్లేదనుకుని మడమలు కొంచెం పైకి లేపింది.

"మడమలు నేలకి ఆనాలి నానమ్మా!" పిచ్చుక గొంతు వాగు దాటి, ట్యాంకు దాటి, రోడ్డు మీదకి వినిపించింది.